తూర్పు కనుమల గిరిజన వస్త్రకళ

అరకు లోయ నుంచి కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ కొండల దాకా గదబలు, బొండలు, డొంగ్రియా కోందులు, పరోజలు, భోత్రలు తరతరాలుగా కట్టుకుంటూ వచ్చిన బట్టలను, వాటిని నేసే, అద్దే, కుట్టే పనితనాన్ని కలిపి తూర్పు కనుమల గిరిజన వస్త్రకళ అనవచ్చు. బెరడు నారతో నేసే కెరంగు గుడ్డ, బొండ స్త్రీల రింగా, నియమగిరి ఆడపిల్లల సూదిపనితో తయారయ్యే కపడాగండా శాలువా, తొగరు వేరు రంగుతో నేసే కోట్‌పాడ్ చీర ఇందులో ముఖ్యమైనవి. కోట్‌పాడ్ నేతగాడు గోబర్ధన్ పణికాకు 2018లో పద్మశ్రీ లభించింది. ఈ కొండల బట్టల గురించి చెప్పేటప్పుడు ఒక మనిషి పేరు పెట్టి చెప్పే అవకాశం అరుదుగా దొరుకుతుంది. ఆయనకు ముందు ఇదే పని చేసినవాళ్లలో చాలామంది పేర్లను ఎవరూ రాసిపెట్టలేదు.

ఒక దేశం, రెండు రాష్ట్రాలు

ఇవాళ అరకు ఆంధ్రప్రదేశ్‌లో, కొరాపుట్ ఒడిశాలో ఉన్నాయి. బట్టల చరిత్ర చదివేవారు ఈ సరిహద్దును కాసేపు పక్కన పెట్టాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా కొరాపుట్, జయపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. జయపురం మహారాజుల సంస్థానం ఆ కొండల్లో ఎక్కువ భాగాన్ని ఏలింది. అందుకే 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో అనంతగిరి, కొరాపుట్ ఒకే పుస్తకంలో కనిపిస్తాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడింది. ముంచింగిపుట్టు, డుంబ్రిగూడ మండలాల గదబలకూ, అవతలి నందపూర్, లాంతాపుట్ గదబలకూ చుట్టరికాలు ఉన్నాయి, సంతలూ కలుస్తాయి. బట్ట కూడా ఆ దారుల్లోనే నడిచింది.

సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో, అంతకన్నా పైనున్న కొరాపుట్ పీఠభూమిలో చలికాలం గట్టిగానే ఉంటుంది. వానాకాలమంతా బురదమళ్లలో, వాలు పొలాల్లో పని. ఇక్కడి బట్టలు దళసరిగా, పొట్టిగా, కుచ్చిళ్లు లేకుండా ఉండటానికి ఈ రెండూ సగం కారణం. మిగతా సగం ఆచారం, అందం, ఎవరు ఏ తెగవారో దూరం నుంచే తెలియాలన్న పట్టింపు.

కట్టేవారు, నేసేవారు

డిజైనరు అనగానే మనకు నగరంలో ఒక మనిషి, అతని పేరున ఒక దుకాణం, వేదిక మీద నడిచే మోడళ్లు గుర్తొస్తారు. కొండల్లో ఈ పని ఎక్కువగా రెండు కులాల మధ్య, రెండు ఊళ్ల మధ్య జరిగింది. వ్యవసాయం చేసే తెగ కట్టుకుంటుంది, పక్కనే ఉండే నేత కులం నేస్తుంది. కొరాపుట్ వైపు డోంబులు, కోట్‌పాడ్ వైపు మిర్గాన్‌లు, బస్తరులో పణకాలు ఇలా నేసినవాళ్లే. ఎన్ని మూరల గుడ్డ కావాలి, అంచు ఎంత వెడల్పుండాలి, పెళ్లికూతురి చీర కొంగులో ఏ బొమ్మలు రావాలి అనేవి కట్టేవారే చెప్పేవారు. అవి ఎలా రావాలో నేసేవారికి తెలుసు. ఈ రెండు తెలివితేటలూ కలిసినప్పుడే గుడ్డ తయారైంది. కాబట్టి కోట్‌పాడ్ చీరను గిరిజన చీర అనడం సగమే నిజం. దాన్ని నేసిన మిర్గాన్‌లు నేత వృత్తివారు. ఆ బట్టకు ప్రాణం పోసిన అభిరుచి మాత్రం భోత్రలది, పరోజలది, గదబలది.

ఈ పద్ధతికి పెద్ద మినహాయింపు గదబ, బొండ స్త్రీలు. తమ గుడ్డకు నార వాళ్లే తీసుకున్నారు, వాళ్లే వడికారు, వాళ్లే నేసుకున్నారు.

కెరంగు

గదబ స్త్రీల నారచీర మీద ఆంగ్లేయుల కాలంలో దొరికే మంచి వర్ణన ఎడ్గార్ థర్‌స్టన్‌ది. ఆయన 1885 నుంచి 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు. కె. రంగాచారితో కలిసి తయారు చేసిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం 1909లో వెలువడింది. గదబల నార ఏయే చెట్ల నుంచి వస్తుందో అందులో ఉంది. అంకుడు చెట్టు కూడా ఆ జాబితాలో కనిపిస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు చెక్కే కర్రకూ అదే పేరు కాబట్టి విశాఖ పాఠకులకు ఇది తెలిసిన చెట్టే. ఇటీవలి కాలపు వర్ణనలు ఎక్కువగా కెరంగు అనే పొద పేరు చెబుతాయి, గుడ్డకూ ఆ పేరే స్థిరపడింది.

తయారీ ఓపికతో కూడిన పని. కొమ్మలు నరికి, ఎండబెట్టి, బెరడు ఒలిచి, కొట్టి నార తీస్తారు. దాన్ని చేతి కదురుతో వడికి, బూడిద నీళ్లలో ఉడికించి మెత్తబరుస్తారు. కొంత దారానికి ఎరుపు, నీలం రంగులు పడతాయి. మగ్గమంటే నాలుగు కర్రలు, ఒక దబ్బ. ఒక కొసను గుంజకు కట్టి, రెండో కొసను తన నడుముకు ఆనించుకుని, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని నేస్తుంది ఆడమనిషి. పొలం పనులు, వంట, పిల్లల మధ్య ఒక గుడ్డ పూర్తయ్యేసరికి నెలలు పడతాయి.

గుడ్డ అమరిక స్పష్టంగా ఉంటుంది: అంచుల్లో తెలుపు, దాని పక్కన నీలం పట్టీ, మధ్యలో ఎర్రమట్టి ఛాయ, దాని మీదుగా సన్నని తెల్ల, నీలి చారలు. నడుముకు ఒక గుడ్డ, ఛాతీ మీదుగా మరొక సన్నని గుడ్డ. చుట్టుకున్నప్పుడు చారలు ఒంటి చుట్టూ అడ్డంగా తిరుగుతాయి. సంతలో ఎంత జనం ఉన్నా గదబ స్త్రీని గుర్తుపట్టడం కష్టమయ్యేది కాదు.

దీనికి తోడు మరో విచిత్రమైన వస్తువు ఉంది. నడుము వెనక, గుడ్డ కింద, నార తాళ్లతో చేసిన ఒక ఒత్తు కట్టుకునేవారు. థర్‌స్టన్ దాని పేరు ఇర్రె, కిట్టె అని రాశాడు. యూరపులో 1870, 80 దశకాల్లో దొరసానులు గౌను వెనక భాగం ఎత్తుగా కనబడాలని సరిగ్గా ఇలాంటి మెత్తనే కట్టుకున్నారు. గదబల వస్తువును వర్ణించేటప్పుడు ఆంగ్లేయ రచయిత తమ ఆడవాళ్ల దుస్తుల పేరునే వాడుకున్నాడు. లండన్‌లో ఆ ఫ్యాషన్ ఇరవై ఏళ్లలోపే పోయింది. కొండల్లో అంతకన్నా చాలాకాలం నిలిచింది. నాగరికత ఎవరికి ముందొచ్చిందో తేల్చుకోవాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చెవులకు ఇత్తడి తీగ చుట్టలు. తీగను సంతలో మూరల లెక్కన కొనుక్కునేవారు. కొందరి చుట్టలు భుజాలను తాకేవి.

ఈ వేషానికి గదబలు చెప్పుకున్న కథలు రెండూ శాపాల కథలే. అరణ్యవాసంలో నారబట్టలు కట్టుకున్న సీతను చూసి గదబ స్త్రీలు నవ్వారట. ఇకమీదట మీకూ నారబట్టే గతి అని సీత శపించిందట. రెండో కథలో ఒక దేవత ముష్టిదానిలా వచ్చి మంచం మీద కాసేపు కూర్చోనివ్వమంటుంది. ముష్టివాళ్లకు నేల చాలు అంటుంది ఆ ఇంటావిడ. అప్పటి నుంచి గదబ ఆడవాళ్లు నడుముకు ఆ ఒత్తు కట్టుకుని తిరగాల్సి వచ్చిందట. అందమైన వస్తువుకు శిక్ష కథ ఎందుకు కట్టారన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. మైదానపు పురాణం కొండెక్కినప్పుడు, తమ బట్ట వేరుగా ఉండటానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం కలిగి ఉంటుందని ఈ రచయిత అభిప్రాయం. అయితే అదే థర్‌స్టన్ గ్రంథంలో దీనికి ఎదురు నమ్మకం కూడా నమోదైంది: నారబట్ట మానేస్తే తెగ నశిస్తుందని దేవత చెప్పిందట. మిల్లు బట్ట సంతలకు వచ్చినా గదబ స్త్రీలు దాన్ని ముట్టుకోలేదని కూడా అక్కడే ఉంది. శాపమని చెప్పుకున్న బట్టనే తెగకు కాపుదలగా నమ్మారన్నమాట.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఆ పట్టు సడలింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, ఆ తర్వాత ఎగువ కొలాబ్ జలాశయం గదబ గ్రామాలను కదిలించాయి. ఊరు మారితే పొద దొరకదు, తీరిక ఉండదు. సంతలో నూలుచీర చవక, ఉతకడం తేలిక. బడికి, ఆస్పత్రికి, పట్నానికి వెళ్లిన ఆడపిల్లను నారగుడ్డలో చూసి నవ్వేవాళ్లూ తయారయ్యారు. ఇప్పుడు కెరంగు గుడ్డ పెళ్లిళ్లలో, పండుగల్లో, దిమ్సా నృత్య బృందాల ప్రదర్శనల్లో, మ్యూజియం అద్దాల వెనక కనిపిస్తుంది. రోజూ కట్టుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు.

రింగా

మల్కన్‌గిరి జిల్లా ఖైర్‌పుట్ ప్రాంతపు కొండల్లో, ముదులిపడ చుట్టుపక్కల బొండలు ఉంటారు. గదబల గుతోబ్, బొండల రెమో దక్షిణ ముండా భాషల్లో ఒకదానికొకటి దగ్గరివి. బట్టలో కూడా ఆ చుట్టరికం ఉంది. బొండ స్త్రీల రింగా సైతం కెరంగు నారతో, అదే రకమైన నడుము మగ్గం మీద నేసిందే. వెడల్పు మూరెడు కూడా ఉండదు. నడుము కిందుగా చుట్టి, తాడుతో బిగిస్తారు. ఎరుపు, పసుపు, నీలం, నారింజ చారలు అడ్డంగా వస్తాయి. కొన్ని దశాబ్దాలుగా సంతలో కొన్న రంగు నూలు కూడా నారతో కలుస్తోంది.

మిగతా ఒంటికి పూసలే బట్ట. మెడకు లోహపు కడియాలు దొంతరగా, వాటి కింద నడుము దాకా పూసల దండలు, గుండు చేసుకున్న తల చుట్టూ పూసల పట్టీలు. బొండ స్త్రీలు బట్టలు లేకుండా తిరుగుతారని రాసిన ప్రయాణికులు ఈ అలంకరణ బరువెంతో ఎత్తి చూసినట్టు లేదు. వీళ్ల గురించి మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ తన బొండో హైలాండర్ గ్రంథాన్ని 1950లో ప్రచురించాడు. సీత శాపం కథ బొండల్లోనూ ఉంది. స్నానం చేస్తున్న సీతను చూసి నవ్విన ఆడవాళ్లకు బట్టా జుట్టూ లేకుండా పొమ్మని శాపం తగిలింది. బతిమాలుకుంటే సీత తన చీర చెంగు నుంచి ఒక పేలిక చింపి ఇచ్చింది. రింగా వెడల్పు అంతేనట.

గురువారాల్లో ఒనకడెల్లి సంతకు బొండలు, గదబలు దిగి వస్తారు. కెమెరాలు పట్టుకుని వచ్చే పర్యాటకుల తాకిడి పెరిగాక అక్కడ ఫోటోల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఒంటి మీది బట్ట నచ్చింది కదా అని ఆ మనిషిని అడగకుండా ఫోటో తీయడం మర్యాద కాదు. ఈ మాట ఒనకడెల్లికే కాదు, అరకు సంతకూ వర్తిస్తుంది.

కపడాగండా

రాయగడ జిల్లా నియమగిరి కొండల్లోని డొంగ్రియా కోందులది వేరే పద్ధతి. బట్ట వాళ్లు నేయరు. డోంబు నేతగాళ్ల దగ్గర దళసరి, తెలుపు చాయ గుడ్డ తీసుకుంటారు. దాని మీద సూదితో పనిచేసేది డొంగ్రియా ఆడపిల్లలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో వరుసలు వరుసలుగా త్రికోణాలు, గీతలు, మెలికలు కుడతారు. త్రికోణాలు నియమగిరి శిఖరాలని చెబుతారు. కొలిచే దైవమే ఆ కొండ, నియమరాజు. పెళ్లికాని అమ్మాయి తను ఇష్టపడ్డ అబ్బాయికి గానీ అన్నదమ్ములకు గానీ ఈ శాలువా ఇస్తుంది. కుట్టుపని ఎంత దగ్గరగా ఉంటే ఇచ్చిన చేతికి అంత మెప్పు.

నియమగిరిలో బాక్సైట్ తవ్వకం మీద సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో గ్రామసభల అభిప్రాయం అడగమంది. ఆ ఏడాది పన్నెండు గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. అప్పుడు పత్రికల్లో వచ్చిన ఫోటోల వల్లే చాలామంది తెలుగువారు, ఒడియావారు ఈ శాలువాను మొదటిసారి చూశారు. కపడాగండాకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కోట్‌పాడ్, గోబర్ధన్ పణికా

జయపురం నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో కోట్‌పాడ్ ఒక చిన్న పట్నం. ఈ ప్రాంతం కోసం బస్తరు, జయపురం సంస్థానాలు చాలాకాలం తగాదా పడ్డాయి. నేతలో మాత్రం తగాదా లేదు. అటు బస్తరు పణకాలు, ఇటు కోట్‌పాడ్ మిర్గాన్‌లు ఒకే చెట్టు వేరును నమ్ముకున్నారు. హిందీ, ఒడియాల్లో ఆల్ అనే ఆ చెట్టు మన తొగరు. దాని వేరు బెరడులో మోరిండోన్ అనే ఎర్ర రంగు పదార్థం ఉంటుంది.

ఈ పనిలో కష్టమంతా నేతకు ముందే ఉంది. నూలు చిలపలను ఆముదం, పేడ, బూడిద నీళ్లలో నానబెట్టి, తొక్కి, పిండి, ఎండబెట్టాలి. మళ్లీ నానబెట్టాలి. ఇలా రెండు మూడు వారాలు సాగుతుంది. నూలు పసుపు తిరిగి, జిడ్డు పట్టి, రంగును పీల్చుకునే స్థితికి వస్తుంది. అప్పుడు ఎండిన వేరు బెరడును పొడి కొట్టి, నీళ్లలో వేసి, ఆ నీటిలో నూలును ఉడికిస్తారు. ఒకసారికి చాలదు. మొత్తం నెల దాకా పడుతుంది, ఎండ లేని వానాకాలంలో పని ఆగిపోతుంది. ఈ అద్దకమంతా ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల చేతుల్లో ఉంటుంది. బెరడు వయసును బట్టి, పాళ్లను బట్టి ఇటుక ఎరుపు నుంచి ముదురు తొగరు దాకా ఛాయలు వస్తాయి. అన్నభేది కలిపితే అదే రంగు కాఫీ గింజ నలుపుకు తిరుగుతుంది. రంగు వేయని నూలు తన సహజమైన తెలుపుతో ఉండిపోతుంది. కోట్‌పాడ్ రంగులు ఇంతే: ఎరుపు, నలుపు, తెలుపు.

నూనె, పేడ, బూడిదలతో నూలును సిద్ధం చేయడం ఈ కొండలకే పరిమితం కాదు. మధ్యధరా ప్రాంతం నుంచి ఐరోపాకు పాకిన టర్కీ ఎరుపు అద్దకంలోనూ నూనె, పేడ ఉన్నాయి. అక్కడ వాడింది మంజిష్ఠ జాతి వేరు. మన మచిలీపట్నం కలంకారీకి చిరువేరు. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ మంజిష్ఠ వేరులోని ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారు చేశాక ప్రపంచంలో వేరు రంగుల వ్యాపారం చాలా వేగంగా కూలింది. కోట్‌పాడ్‌కు ఆ దెబ్బ ఆలస్యంగా, నెమ్మదిగా తగిలింది. కొనుగోలుదారులు కొండలవాళ్లు కావడం, వాళ్లకు రంగు వెలవని దళసరి చీరే కావాలనడం అందుకు కారణం.

నేత గుంట మగ్గం మీద. అంచును, ఒంటిని వేర్వేరు నాడెలతో నేసి పేకను కలుపుతారు. గద్వాల కుప్పడం తెలిసినవారికి ఈ పని అర్థమవుతుంది. అంచులో కుంభం వరుస ఉంటుంది, మనవాళ్లు కోటకొమ్మ అంటారు. కొంగులో అదనపు పేకతో బొమ్మలు తీస్తారు: చేప, పీత, శంఖం, పడవ, గొడ్డలి, విల్లు, గొడుగు, కడవ, పల్లకీ. ముందుగా గీసుకున్న కాగితం ఉండదు, దారాలు లెక్కపెట్టి చేత్తో ఎత్తి వేస్తారు. చీర పొడవును మూరల్లో చెబుతారు. ఎనిమిది మూరలది మోకాలి దాకా వస్తుంది, పనిలోకి కట్టేది. పదహారు మూరలది వేడుకలకు. కొత్త చీరకు ఆముదం వాసన ఉంటుంది. ఉతికేకొద్దీ వాసన పోతుంది, రంగు నిండుదనం పోదు.

గోబర్ధన్ పణికా ఈ మిర్గాన్ ఇళ్లలో ఒకదానిలో పుట్టి, చిన్నతనంలోనే మగ్గం దగ్గర కూర్చున్నాడు. ఆయన జీవితం నగర డిజైనర్ల జీవితచరిత్రలా మలుపులతో ఉండదు. ఏ విద్యాసంస్థలోనూ డిజైన్ చదవలేదు, తన పేరున ఒక బ్రాండు పెట్టలేదు. ఆయన చేసిందల్లా అందరూ రసాయన రంగు వైపు, మిల్లు చీర వైపు జరుగుతున్న రోజుల్లో వేరు రంగును వదలకపోవడం, చుట్టుపక్కల యువకులకు నేర్పడం. కొండ సంతలో పాత కొనుగోలుదారులు తగ్గిపోతుంటే ప్రభుత్వ ప్రదర్శనలు, సహకార సంఘాలు, నగర హస్తకళా మేళాలు కొత్త గిరాకీ తెచ్చాయి. చీరకు తోడు దుపట్టా, స్టోల్, మీటర్ల లెక్కన అమ్మే గుడ్డ నేయడం మొదలైంది. కోట్‌పాడ్ చేనేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒడిశా నుంచి ఆ గుర్తింపు పొందిన మొదటి వస్తువు ఇదే. పదమూడేళ్ల తర్వాత పణికా రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా పద్మశ్రీ అందుకున్నారు.

పద్మశ్రీ ఒక్కరికి ఇస్తారు. కోట్‌పాడ్ గుడ్డలో మాత్రం సగానికి పైగా పని నూలును నెలరోజులు తొక్కి, పిండి, ఎండబెట్టిన స్త్రీలది. నేత బహుమతులు మగ్గం మీద కూర్చున్నవారిని చూసినంత సులువుగా అద్దకం కుండ దగ్గర నిలబడ్డవారిని చూడవు. ఇది కోట్‌పాడ్ ఒక్కదాని లోపం కాదు, దేశంలో చేనేత పురస్కారాలన్నిటి తీరూ ఇంచుమించు ఇంతే.

అరకు వైపు

ఆంధ్ర కొండల్లో కోట్‌పాడ్‌లాంటి నేత కేంద్రం పెరగలేదు. ఇక్కడి బగతలు, కొండదొరలు, కోటియాలు, పరోజలు బట్టకు సంతల మీద ఆధారపడ్డారు. బట్ట బయటిదే అయినా కట్టు మాత్రం సొంతం. కుచ్చిళ్లు లేకుండా చుట్టి, చంక కింది నుంచి తెచ్చి, భుజం మీద ముడి వేస్తారు. అంచు మోకాలికి కాస్త కిందుగా ఆగుతుంది. చేతులు ఖాళీ, అడుగు స్వేచ్ఛగా పడుతుంది, వీపున బిడ్డను కట్టుకోవడానికి కొంగు మిగులుతుంది. ముక్కుకు రెండు పక్కలా, మధ్యలో కలిపి మూడు ఆభరణాలు, మెడలో పూసలు లేదా వెండి కడియం, కాళ్లకు అందెలు. ఒక్క కుట్టు లేని ఈ కట్టు కొండ జీవితానికి ఎంత సరిపోయిందో అంతగా సరిపోయే దుస్తును ఏ డిజైనరూ ఇప్పటిదాకా ఇవ్వలేదు.

దిమ్సా ఆడేటప్పుడు ఈ కట్టు ఇంకా బాగా అర్థమవుతుంది. మోరి, కిరిడి, తుడుము, డప్పు మోగుతుంటే స్త్రీలు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వలయంగా కదులుతారు. పైట జారే చీర అయితే ఇది సాధ్యం కాదు. పర్యాటకం పెరిగాక బృందాలకు ఒకే రంగు, ఒకే అంచు చీరలు వచ్చాయి. వేదిక మీద అవి బాగానే ఉంటాయి. కానీ పాత రోజుల్లో వలయంలో నిలబడ్డ ప్రతి మనిషి చీరా వేరు, పూసల రంగు వేరు.

అరకు దగ్గరి మాడగడ కొండ మీద సూర్యోదయం చూడటానికి వచ్చినవారు గిరిజన స్త్రీల చేత చీర కట్టించుకుని, నగలు పెట్టించుకుని ఫోటోలు దిగుతారు. ఇందులో కొంత నాటకం ఉంది, కొందరు స్త్రీలకు కొంత ఆదాయమూ ఉంది. ఒక్కటి మాత్రం జరుగుతోంది: కట్టు తెలిసినవారికి ఆ తెలివికి రుసుము అందుతోంది. చీర కట్టడం కూడా పనితనమేనని మైదానం వాళ్లు ఒప్పుకున్న చోట్లలో ఇదొకటి. అరకులోని గిరిజన మ్యూజియంలో పాత నగలు, పనిముట్లు చూడవచ్చు.

కొండ కిందికి

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఈ కొండలకు దిగువన ఉంది. అక్కడి సన్న ఖాదీకి వాడే దేశీ పత్తి రకాల్లో ఒకటి కొండపత్తి. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి శుభ్రం చేయడం, నూరో నంబరు నూలు చేత్తో వడకడం పొందూరు ప్రత్యేకత. గాంధీజీ మెచ్చుకున్నాక దేశమంతా పేరు వచ్చింది. నారబట్ట దళసరితనమూ, ఈ ఖాదీ పలుచదనమూ ఒకే పటంలో పక్కపక్కన ఉండటం తూర్పు కనుమల వింతల్లో ఒకటి.

తెలుగు ఫ్యాషన్ రంగం చేనేత వైపు చూడటం ఆలస్యంగా మొదలైంది. హైదరాబాద్ డిజైనరు గౌరంగ్ షా రాజా రవివర్మ చిత్రాలను ఖాదీ మీద జాందానీ పద్ధతిలో చీరలుగా నేయించారు. మహానటి చిత్రానికి ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి 2018 సంవత్సరపు జాతీయ ఉత్తమ వస్త్రాలంకరణ పురస్కారం పొందారు. సహజ రంగుల విషయంలో ఏటికొప్పాక బొమ్మల కళాకారుడు సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మకు వచ్చిన ఆ శ్రద్ధ కొండ బట్టకు ఆంధ్రలో ఇంకా రాలేదు. విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న రాష్ట్రం, అదే కొండల గదబ స్త్రీల చేతిలో ఉన్న విద్య మీద కూడా ఆ పాటి పని చేయవచ్చు.

కొనేవారికి

మేళాల్లో, దుకాణాల్లో కోట్‌పాడ్ పేరుతో రకరకాల గుడ్డలు అమ్ముతారు. తొగరు వేరు ఎరుపును ఇస్తుంది, అన్నభేదితో నలుపును ఇస్తుంది. అంతకుమించి ఇవ్వదు. ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగుల్లో సహజ అద్దకపు కోట్‌పాడ్ అని ఎవరైనా చూపిస్తే ఆ రంగు దేనితో వచ్చిందో అడగండి. మిల్లులో అచ్చు వేసిన చేప బొమ్మ వెనకవైపు వెలవెలబోతుంది, చేత్తో ఎత్తి నేసిన బొమ్మకు వెనక దారాలు తగులుతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన రావాలి. నేసినవారి ఊరు, అద్దినవారి పేరు అడిగి రశీదు మీద రాయించుకోండి.